మేకు లేని గోడ

ఎదురింటి ముందు వీధిలో మంచం నిలబెట్టి ఉంది.

మంచం అలా నిలబెట్టి కనిపిస్తే కత్తెరమ్మకి గుండె జారుతుంది. ఆ ఇంట్లోంచి ఎవరో వెళ్ళిపోతున్నారన్నమాటే. కటింగు బల్ల మీద పరిచిన కోటు గుడ్డ మీద సుద్దగీత సగంలో ఆపేసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసింది.

ఎదురింటి లెక్కల మేష్టారు పోయి ఎంతో కాలం కాలేదు. మంచం ఆయనది కాదు, ఆయన మరదలిది. అక్కగారు పోయిన ఏడాది ఆ ఇంటికి వచ్చి, వండిపెట్టి, మేష్టారి కళ్ళలో చుక్కల మందు వేసి, పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి. ఇప్పుడా పిల్లల్లో పెద్దవాడే మంచం ఒక కొస పట్టుకుని వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. గొడవేమీ లేదు. ఎవరూ గొంతు పెంచలేదు. “జాగ్రత్త పిన్నీ, గుమ్మం” అని దారిచ్చాడు కూడా.

“ఎక్కడికట?” అంది కత్తెరమ్మ.

“ఊరవతల వృద్ధుల హోమట. కిటికీలోంచి చెట్లు కనపడతాయట” అంది కాజాలమ్మ, ఒళ్ళో ఉన్న చొక్కా మీంచి తలెత్తకుండా.

ఆ వీధిలో వాళ్ళిద్దరినీ అలాగే పిలుస్తారు. గుడ్డ కత్తిరించేది కత్తెరమ్మ. కాజాలు తీసి, గుండీలు కుట్టి, అంచులు మడిచి, చివరి దారం కొరికేది కాజాలమ్మ. ఆమె కత్తెరమ్మ భర్తకి చెల్లెలు. పెళ్ళి కాలేదు. అన్న పోయినా ఆమె ఇక్కడే ఉండిపోయింది, ఇంటి వెనక గదిలో. ఇల్లు మొదటినుంచీ కత్తెరమ్మ పేరే. వదినా ఆడపడుచులు ఒకే బల్లకి చెరో పక్క కూర్చుని ముసలివాళ్ళయ్యారు. ఆ కొట్లో ఒక నియమం ఉంది, ఎవరూ పెట్టింది కాదు, అదే ఏర్పడింది. కత్తెరమ్మ మొదలుపెట్టింది కాజాలమ్మ ముగించాలి. ఆమె చెయ్యి పడని బట్ట ఆ గుమ్మం దాటదు.

మేష్టారి మరదలు వ్యాన్ దాకా వచ్చి, ఏదో మరిచినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పటికి ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో చిన్న గుడ్డమూట ఉన్నాయి. మూట విప్పి చూపిస్తే అన్నీ మేకులు. కొన్ని వంకరపోయాయి, కొన్నిటికి సున్నం అంటుకునే ఉంది.

“ఇవెందుకు పిన్నీ?” అన్నాడు మేష్టారి కొడుకు.

“నేను కొట్టుకున్నవిరా” అందావిడ, తప్పు చేసినట్టు.

కాజాలమ్మ దారం కొరికింది. “అందుకే మేకులు కొట్టకూడదు వదినా. కొడితే మళ్ళీ పీక్కోవాలి.”

కత్తెరమ్మకి నవ్వొచ్చింది. కాజాలమ్మ ఏ హాస్యమైనా మొహం మీద గీత కదలకుండా ఆడుతుంది, అందుకే ఇంకా నవ్వొస్తుంది. నవ్వుతూనే గుమ్మంలోకి వెళ్ళింది.

వ్యాన్ కదిలేముందు మేష్టారి మరదలు కిటికీలోంచి చెయ్యి ఊపింది. “వెళ్తున్నానమ్మా!”

“వెళ్ళొస్తాననాలి” అని కేకేసింది కత్తెరమ్మ. ఆమెకి ఆ మాట పట్టింపు. కూరల కోసం సందు చివరిదాకా వెళ్ళే కోడలి చేత కూడా అనిపించి గానీ వదలదు. ఎవరు ఇల్లు కదిలినా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడుతుంది. మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడుతుంది.

ఆవిడ నవ్వింది గానీ ఆ మాట అనలేదు. వ్యాన్ మలుపు తిరిగింది.

కత్తెరమ్మ బల్ల దగ్గరికొచ్చి కత్తెర తీసుకుంది. గుడ్డ మీద పెట్టి, మళ్ళీ తీసేసింది. తప్పు కోస్తే గుడ్డ మళ్ళీ అతకదు.

“ఏమైంది?” అంది కాజాలమ్మ.

“ఏం లేదు. వెలుతురు చాలట్లేదు.”

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. కాజాలమ్మ ఎండకేసి చూసి, వదినకేసి చూసి, ఇంకో కాజా మొదలుపెట్టింది.

*

ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక కత్తెరమ్మ బీరువాలోంచి గోధుమరంగు కవరు తీసి మేడ మీదికి తీసుకెళ్ళింది. కొడుకు బస్సు డిపోలో టైమ్ కీపరు. అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. కూతురికి జడ విప్పుతోంది. వెనకాలే కాజాలమ్మ టీ కప్పులు తెచ్చింది. బల్ల మీద కవరు చూడగానే కప్పులు దించి, “మిషనుకి నూనె వెయ్యాలి” అని కిందికి వెళ్ళిపోయింది. ఇంట్లో కాగితాలు బయటికి తీస్తే కాజాలమ్మకి ఎప్పుడూ ఏదో ఒక పని గుర్తొస్తుంది.

“వీలునామా ఎందుకమ్మా ఇప్పుడు? ఒంట్లో బాలేదా?” అన్నాడు కొడుకు.

“బాగానే ఉందిరా. ఒకసారి చూసుకోవాలి కదా. రాసినప్పుడు మీ నాన్నున్నారు. నీ చెల్లెలికి పెళ్ళి కాలేదు. ఇదైతే”, మనవరాలి తల నిమిరింది, “పుట్టనే లేదు.”

కత్తెరమ్మ బడికి వెళ్ళింది తక్కువ. పొట్లం కట్టిన కాగితం కూడా చదివి గానీ పారేయదు. అలా చదువుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి. అక్షరాల కింద వేలు జరుపుతూ నాలుగో పేరా దగ్గర ఆగింది.

“‘నా భర్త చెల్లెలు వెనక గదిలో తాను జీవించి ఉన్నంత కాలం ఉండవచ్చును.’ ఉండవచ్చును అంటే?”

“ఉండొచ్చనేనమ్మా.”

“ఎవరైనా పొమ్మన్నా ఉండొచ్చనా, ఎవరూ పొమ్మనకపోతే ఉండొచ్చనా?”

కొడుకు నవ్వాడు. “నువ్వు లాయరువి కావాల్సింది.” అంతలో నవ్వు తగ్గింది. “అత్తని మేం చూసుకోమా? రాసిపెడితేనే చూస్తామా?”

“నిన్నేమన్నానురా?”

“అనలేదు. పొద్దున్న ఎదురింట్లో వ్యాన్ వచ్చింది, సాయంత్రం నువ్వు కవరు తెచ్చావు. నాకు అర్థం కాదా?”

కోడలు దువ్వెన పక్కన పెట్టింది. “అత్తయ్యా, ఒక మాట. పాప చదువుకోడానికి వెనక గది బాగుంటుందని నేను అనుకున్న మాట నిజమే. చిన్నత్తయ్య ఉండగా కాదు. తరవాత్తరవాత.”

“మొన్న ఆ గది కొలిచావు.”

“కొలిచాను. ఎప్పటికైనా బల్ల పడుతుందా అని.” కోడలి గొంతు తగ్గింది. “నేను చాటుగా కొలవలేదు. చిన్నత్తయ్యే టేపు రెండో కొస పట్టుకుంది.”

కత్తెరమ్మ కళ్ళముందు ఆ గది కనబడింది. టేపు సున్నా కొస గోడకి ఆనించి పట్టుకుని, సరిగ్గా ఉందా అమ్మాయ్, ఇంకా కిందికి దించనా అని అడిగే కాజాలమ్మ కనబడింది. ఆమె అలాగే అడుగుతుంది. టేపు ఎలా పట్టుకోవాలో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

“టీ చల్లారిపోతోంది” అంది కత్తెరమ్మ. కవరు ఒళ్ళో పెట్టుకుంది.

*

పాత లాయరు కాలం చేశారు. ఆయన కూతురు అదే గదిలో, అదే బల్ల వెనక కూర్చుంటోంది. లాయరమ్మ నల్లకోటు చూడగానే కత్తెరమ్మ గుర్తుపట్టింది.

“ఇది మా కొట్టుదే.”

“నాన్నగారిదండీ. చేతులు పొట్టివి చేయించుకున్నాను. కాజాలు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.”

“అవి చెదరవులెండి” అంది కత్తెరమ్మ. గర్వం తనది కాదు, ఇంటిది.

లాయరమ్మ వీలునామా మొదటినుంచి చదివింది. ఇంట్లో ఎవరు పుట్టినా, పోయినా, పెళ్ళయినా ఒకసారి దీన్ని తీసి చూసుకోవాలని, చాలామంది రాసి బీరువాలో పెట్టి మరిచిపోతారని అంది. భర్త పేరు ఉన్న చోటల్లా పెన్సిలుతో సన్నగా గీత పెడుతూ వెళ్ళింది. ఒక్కో గీతకీ కత్తెరమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. మేడ కొడుక్కి, బ్యాంకులోది కూతురికి, అవి అలాగే ఉండనిమ్మంది. నాలుగో పేరా దాటి సంతకాల దగ్గరికి వచ్చి లాయరమ్మ పెన్సిలు ఆపింది.

“ఈ రెండో సాక్షి ఎవరండీ?”

“మా ఆడపడుచు.”

“నాలుగో పేరాలో ఉన్నావిడ?”

“ఆవిడే.”

లాయరమ్మ పెన్సిలు కింద పెట్టింది. “అమ్మా, వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాళ్ళు దానికి సాక్షిగా ఉండకూడదు. ఉంటే వాళ్ళకి రాసింది చెల్లదు. మిగతాదంతా చెల్లుతుంది, వాళ్ళది తప్ప.”

కత్తెరమ్మకి వెంటనే బోధపడలేదు. “తప్ప అంటే?”

“ఆ నాలుగో పేరా లేనట్టే. మా నాన్నగారు చెప్పలేదా?”

“చెప్పారు. బయటివాళ్ళని తీసుకురమ్మన్నారు. ఇద్దర్ని మాట్లాడుకున్నాం. గడియారాల షాపాయన వచ్చాడు. చెప్పుల కొట్టాయన రాలేదు. మీ నాన్నగారికి కోర్టుకి వేళైపోతోంది. గుమస్తాని సంతకాలు చూడమని చెప్పి వెళ్ళారు.” కత్తెరమ్మ బల్ల అంచు మీద వేలితో గీత గీస్తూ చెప్పింది. “నేను పెట్టాను. పక్కన తను ఉంది. మా కొట్లో ఏదైనా నేను మొదలుపెడితే తనే ముగిస్తుందమ్మా. అలవాటు. పెన్ను తన చేతికిచ్చాను. తను పెట్టింది. అంతే. అందులో ఆలోచించడానికి ఏముందీ అనుకున్నాం.”

లాయరమ్మ నవ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. “పరవాలేదండీ. మీరున్నారు, సరిచేసుకుందాం. కొత్తది రాద్దాం, వేరే సాక్షులతో. ఆ ‘ఉండవచ్చును’ కూడా గట్టిగా రాద్దాం. సరే, ఇంకొకటి. ఆవిడ మీకంటే ముందు పోతే ఆ గది ఎవరికి?”

“ముందెందుకు పోతుంది? నాకంటే చిన్నది.”

“ప్రతి పేరుకీ అడగాలండీ. మీ అబ్బాయి పేరుకీ అడుగుతాను.”

కత్తెరమ్మ గ్లాసు పట్టుకుంది, తాగలేదు. ఆమె తన చావు గురించి ఆలోచించని రోజు లేదు. ఎవరెలా ఏడుస్తారో, ఎవరు కొట్టు తాళం తీస్తారో, ఇస్త్రీపెట్టె ఆపడం ఎవరు మరిచిపోతారో అన్నీ ఆలోచించి పెట్టుకుంది. ఆ ఆలోచనల్లో ప్రతిసారీ కాజాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది, తను వెళ్తుంటుంది. అటుదిటు కావచ్చని ఒక్కసారీ తోచలేదు. బల్లకి అవతలి పక్క ఖాళీ కుర్చీ ఎలా ఉంటుందో ఇప్పుడే, ఈ గదిలోనే, మొదటిసారి చూసింది.

“ముందు పోతే,” అంది మెల్లగా, “తనకి ఏం వచ్చినట్టు?”

“ఏమీ రానట్టే. వీలునామా మీరు పోయాకే మాట్లాడుతుందండీ. అప్పటిదాకా ఇది వట్టి కాగితం.”

“అయితే ఇన్నాళ్ళూ ఆ గది తనది కాదు.”

“కాదు.”

“ఇప్పుడు సరిగ్గా రాసినా, రేపు పొద్దున్న నిద్ర లేచేసరికి తనది కాదు.”

“కాదండీ. మీరు ఉండగానే ఇవ్వాలంటే అది వేరే దస్తావేజు. రిజిస్టరు చేయించాలి. ఒకసారి ఇచ్చాక మళ్ళీ మనసు మార్చుకోడానికి ఉండదు. వీలునామా అయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇంట్లో అందరితో మాట్లాడుకుని రండి.”

లేచి వస్తూ కత్తెరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. “వెళ్ళొస్తానమ్మా.”

“మంచిదండీ.”

“మీ కోటు ఎడమచేతి గుండీ వేలాడుతోంది. మళ్ళీ వచ్చినప్పుడు సూది తెస్తాను.”

*

మర్నాడు తెల్ల దారం కావాలనే వంక పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. దారాలు ఆ గదిలోని ట్రంకు పెట్టెలో ఉంటాయి. రోజూ వచ్చే గదే. కానీ రోజూ పెట్టెలోకి చూసేది, దారం తీసుకునేది, వెళ్ళేది. ఇవాళ గోడలు చూసింది.

నాలుగు గోడలూ నున్నగా ఉన్నాయి. సున్నం మీద చిన్న గంటు లేదు. అన్నగారి ఫొటో ట్రంకు మీద, గోడకి జారవేసి ఉంది. క్యాలెండరు పరుపు కింద సగం బయటికి వచ్చి ఉంది, తారీకు కావాలంటే లాగి చూసుకోవడానికి. బట్టలు కిటికీ ఊచకీ తలుపు గడియకీ కట్టిన తాడు మీద. కిటికీ గట్టు మీద, ఊచలకి ఆనించి, పలకంత అద్దం. దాని వెనక గోడకి తగిలించుకునే వలయం ఉంది. వలయం కొత్తగా మెరుస్తోంది.

కాజాలమ్మ ఆ అద్దం ముందు నడుం సగానికి వంచి పాపిడి తీసుకుంటోంది. ఎన్నేళ్ళుగా అలా వంగి దువ్వుకుంటోందో! ఆ నడుం నొప్పి మిషను వల్లేనని ఇద్దరూ డాక్టరుకి చెప్పి వచ్చారు.

“గోడకి ఒక్క మేకు లేదేమే?” అంది కత్తెరమ్మ.

“ఇప్పుడు చూశావా?” కాజాలమ్మ దువ్వెన ఆపలేదు.

“నీకు శుభ్రం ఎక్కువనుకున్నాను.”

“శుభ్రమేగా. సున్నం రాలదు.”

“మొన్న మేకులు కొట్టకూడదన్నావు. నేను నవ్వాను.”

“నువ్వు నవ్వాలనే అన్నాను.”

కత్తెరమ్మ మంచం మీద కూర్చుంది. “నిన్నెవరు పొమ్మన్నారే ఈ ఇంట్లో? ఎప్పుడైనా, ఎవరైనా, ఒక్క మాట?”

“ఎవరూ అనలేదు.” కాజాలమ్మ నడుం పట్టుకుని మెల్లగా నిటారైంది. “మేష్టారి మరదల్ని మాత్రం ఎవరన్నారు? జాగ్రత్త పిన్నీ, గుమ్మం అన్నారు.”

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కత్తెరమ్మ ఆ చప్పుడు పోయేదాకా ఆగింది.

“లాయరమ్మ నీ సాక్షి సంతకం కుదరదంది.”

కాజాలమ్మ మొహం చిన్నబోయింది. అన్నిటికీ గీత కదలని ఆ మొహం, ఈ మాటకి కదిలింది. “బాగానే పెట్టానే! రెండుసార్లు వేరే కాగితం మీద రాసి చూసుకుని మరీ పెట్టాను. అక్షరాలు కలిసిపోయాయా?”

“అది కాదే. లోపల నీ పేరుంది. పేరున్నవాళ్ళు సాక్షి పెట్టకూడదట.”

“లోపల నా పేరెందుకుంది?”

“పెట్టేముందు చదవలేదూ?”

“నువ్వు కత్తిరించి ఇచ్చింది నేను ఏనాడైనా మళ్ళీ కొలిచానా?” అంది కాజాలమ్మ.

కత్తెరమ్మ నాలుగో పేరా చెప్పింది. కాగితం లేకుండానే, అక్షరం పోకుండా చెప్పింది. ఈ గది, జీవించి ఉన్నంత కాలం, ఉండవచ్చును. కాజాలమ్మ విని, దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి, వేలికి చుట్టింది.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం వదినా?”

“నేను పోయాక ఎలాగూ తెలుస్తుందిలే అనుకున్నా.”

“నువ్వు పోయాక నాకు తెలిసి ఏం లాభం? ఎవరితో చెప్పుకోను, మా వదిన నాకు ఇది రాసిందీ అని?” వెంట్రుకల చుట్ట కిటికీలోంచి బయటికి విసిరింది. “అంతా నువ్వు పోయాకే. ఏది మాట్లాడినా నువ్వు పోయాకే. ఇక్కడే ఉన్నావుగా ఇంకా!”

కోపంగానే అంది. ఆమెకి కోపం రావడం కత్తెరమ్మ అరుదుగా చూసింది. ఎందుకో ప్రాణానికి హాయిగా అనిపించింది.

“తెల్ల దారం ఏది?” అంది లేస్తూ.

“నీ చేతిలోనే ఉంది” అంది కాజాలమ్మ.

*

కొడుక్కి ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే టిఫిను దగ్గర కత్తెరమ్మ చెప్పేసింది. వెనక గదీ, వీధివైపు కొట్టూ కాజాలమ్మ పేర రిజిస్టరు చేసి ఇచ్చేస్తున్నాను, ఇప్పుడే, పోయాక కాదు అని.

కొడుకు చొక్కాచేతి గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు. కాజాలమ్మ ఎదురుగా లేదు. కింద మిషను తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఇల్లు ముక్కలవుతుందమ్మా. రేపు అమ్మాలన్నా, పైన ఇంకో అంతస్తు వెయ్యాలన్నా.”

“అవుతుంది.”

“ఉండేందుకు హక్కు రాసిస్తే చాలదూ? నేను సంతకం పెడతాను. చెల్లెలూ పెడుతుంది.”

“అలాగే ఉండింది ఇన్నాళ్ళూ. ఉండడం తనకి వచ్చురా. ఎవరికీ అడ్డం లేకుండా, సున్నం రాలకుండా ఉండడం.”

“నాకు గది పోతుందని కాదు.” కొడుకు గుండీ వదిలేశాడు. “నేను అత్తని బయటికి పంపుతాననుకున్నావు చూడూ, అది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించిన మనిషిని!”

కత్తెరమ్మ కొడుకు చెయ్యి తన వైపు తిప్పుకుని, అతను సగంలో వదిలేసిన గుండీ పెట్టింది. “మేష్టారి కొడుకు చెడ్డవాడా? చిన్నప్పుడు నీతో ఆడుకున్నవాడే. నీకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. మంచం ఎంత జాగ్రత్తగా ఎక్కించాడో చూశావా? వ్యాన్ పిలిచేది మంచివాళ్ళేరా. చెడ్డవాళ్ళయితే అందరం కలిసి తిట్టేవాళ్ళం కదా.”

కోడలు సింకు దగ్గర గిన్నె కడుగుతూ, వెనక్కి తిరగకుండా అంది: “చిన్నత్తయ్య తరవాత మళ్ళీ మనకే రావాలని షరతు పెట్టొచ్చట. మా షాపుకి వచ్చే ఆవిడ చెప్పింది, వాళ్ళలాగే రాసుకున్నారట.”

“అదీ!” అన్నాడు కొడుకు. “అలా రాయొచ్చుగా.”

కోడలు కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. “రాయొచ్చు. కానీ అలా వద్దండీ. ఇస్తే ఇచ్చినట్టు ఇవ్వండి అత్తయ్యా. లేకపోతే ఆవిడ ఆ గదిలో ఉంటే, మనం ఈ కొస నుంచి కొలుస్తూ ఉన్నట్టే ఉంటుంది.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “ఆ రోజు టేపు చుట్టేసి నా చేతికిస్తూ, బల్ల కిటికీ పక్కన వేయించమ్మాయ్, పాపకి వెలుతురు ఉంటుంది అంది. నాకు అప్పుడేమీ అనిపించలేదు. ఎదురింటావిడ వెళ్ళిన రోజు నుంచి అన్నం సయించడం లేదు.”

కొడుకు భార్య వంక చూశాడు. కింద మిషను ఆగింది. కాజాలమ్మ దారం బాబిన్ మార్చుకుంటోంది కాబోలు. మళ్ళీ మొదలైంది.

“ఎప్పుడెళ్ళాలి?” అన్నాడు కొడుకు.

“ఎక్కడికి?”

“రిజిస్ట్రారు ఆఫీసుకి. నాకు సెలవు పెట్టాలిగా. మీ ఇద్దర్నీ బస్సు ఎక్కిస్తే ఒకరి కోసం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ స్టాపు దాటిపోతారు.”

*

ముందు కొత్త వీలునామా పని, లాయరమ్మ గదిలో. గడియారాల షాపాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి చెప్పుల కొట్టాయన్ని చెయ్యి పట్టుకుని మరీ తెచ్చాడు. కత్తెరమ్మ ప్రతి పేజీ కింద వేలు జరుపుతూ చదివి సంతకం పెట్టింది. పెట్టగానే, చూడకుండానే, పెన్ను కుడిపక్కకి చాచింది. కుడిపక్క ఎవరూ లేరు. కాజాలమ్మ బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. సాక్షి కాని మనిషి ఈ సంతకాల దగ్గర ఉండక్కర్లేదని లాయరమ్మ అంటే, పని గుర్తొచ్చినదానిలా తనే లేచి వెళ్ళింది. చాచిన పెన్ను గడియారాల షాపాయన అందుకున్నాడు.

కత్తెరమ్మ సంచిలోంచి సూదీ నల్లదారం తీసి, లాయరమ్మ కోటు ఇటు ఇవ్వమంది. వేలాడే గుండీకి నాలుగు కుట్లు వేసింది. చివరి ముడి వెయ్యకుండా, సూదితో సహా బయటికి తీసుకెళ్ళి బెంచీ మీద కాజాలమ్మ ఒళ్ళో పెట్టింది.

“ఇది నీ పని.”

కాజాలమ్మ ముడి వేసి, దారం కొరికింది. లోపల తనని ఉంచలేదన్న ఉక్రోషం ఆ కొరకడంలో కొంచెం కనబడింది.

రిజిస్ట్రారు ఆఫీసులో పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కత్తెరమ్మ సంతకం పెట్టాక గుమస్తా కాగితం కాజాలమ్మ వైపు తిప్పాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, అడుగున వెతికింది.

“సాక్షి అని ఎక్కడుంది బాబూ?”

“మీరు సాక్షి కాదమ్మా. మీరు పుచ్చుకునేవారు. ఇక్కడ.”

“ఎక్కడ?”

“ఇక్కడ, మీ పేరు పక్కన.”

కాజాలమ్మ పెన్ను గాలిలోనే ఉంచి వదిన వంక చూసింది. కత్తెరమ్మ అన్నది ఒకటే మాట: “ముందు చదువు.”

“నువ్వు చదివావుగా.”

“నేను కత్తిరించిందే. ఈసారి కొలిచి చూసుకో.”

వెనక వరసలో ఎవరో త్వరగా కానివ్వమన్నారు. కొడుకు వాళ్ళకేసి తిరిగి, వేళలు చెప్పే డిపో గొంతుతో, కాసేపు పడుతుందండీ అన్నాడు. కాజాలమ్మ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పెదవులు కదుపుతూ చదివింది. తరవాత కాజా తీసినంత నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా, కలిసిపోకుండా సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేటప్పుడు కాజాలమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. వీధి మలుపు తిరిగాక, మేష్టారి ఇంటి తలుపుకి వేసిన తాళం చూసి, కొట్టు తాళం తనే తీసింది. లోపలికి వెళ్ళి మిషను మీద మూత సర్దింది. కటింగు బల్ల మీద సుద్దపొడి అరచేత్తో తుడిచింది. వెనక గదిలోకి వెళ్ళింది. కాసేపు ఏ చప్పుడూ లేదు.

కత్తెరమ్మ కుర్చీలో కూర్చుని వింటోంది. చప్పుడు లేకపోతే ఆమెకి భయం. లేవబోతుంటే, గుమ్మంలోకి కాజాలమ్మ వచ్చింది.

“సుత్తి ఉందా ఇంట్లో?”

కోడలు మేడ మీంచి సుత్తి తెచ్చింది, దానితోపాటు ఒక మేకు కూడా. కొడతానంది. కాజాలమ్మ ఇవ్వలేదు. మేకు గోడకి ఆనించి, ఇది వదిన మొదలుపెట్టాల్సిన పనన్నట్టు వెనక్కి తిరిగి చూసి, ఒక దెబ్బ కొట్టింది. మేకు వంకరగా దిగింది. రెండో దెబ్బకి అరచేయంత సున్నం పెచ్చు ఊడి, కిందున్న అన్నగారి ఫొటో మీద పడింది.

కాజాలమ్మ సుత్తి దించేసింది. పాత భయం ఒక్క క్షణం మొహమంతా కమ్మింది. “అయ్యో. గోడ పాడైంది వదినా.”

“నీ గోడ” అంది కత్తెరమ్మ. “నాకు చెబుతావేం?”

కాజాలమ్మ ఆ పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడింది. ఫొటో తీసి, చేత్తో తుడిచి, మళ్ళీ పెట్టింది. ఆ తరవాత కొట్టిన దెబ్బలకి మేడ మీద మనవరాలు చెవులు మూసుకుంది. కిటికీ గట్టు మీది అద్దం తీసి, వలయం మేకుకి తగిలించింది. వెనక్కి జరిగి, వంగకుండా చూసుకుని, చెదిరిన పాపిడి సరిచేసుకుంది.

“నువ్వూ చూసుకో” అంది పక్కకి తప్పుకుని.

కత్తెరమ్మ ఆమెకంటే బెత్తెడు పొడవు. అద్దంలో తన గడ్డం మాత్రమే కనబడింది.

“కిందికుందే!”

“నాకు సరిపోయింది” అంది కాజాలమ్మ, మొహం మీద గీత కదలకుండా.

కత్తెరమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కొంచెం వంగి, చూసుకుంది.